గాజు పళ్ళెంలో వరదగుడి

చంపావతి పొంగి సంత పాకలన్నిటినీ పట్టుకుపోయిన సంవత్సరం జరిగిందిది. పంచాంగంలో ఆ సంవత్సరానికి వేరే పేరుంటుంది గాని, గజపతినగరం అవతలి పల్లెల్లో ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు. "వరదకి ముందు పుట్టేడు", "వరద ఎల్లినాక పెళ్ళయింది", అంతే లెక్క.

వరద వచ్చే ముందు సందెవేళ చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టింది. గుండ్రంగా, తేటగా, చంద్రుడికి బాగా ఎడంగా.

"దూరం గుడి, దగ్గర వాన. గింజలు అటక మీదకి ఎక్కించీయాల" అంది జగ్గమ్మ.

"ఊఁ" అన్నాడు ఆమె మొగుడు సోములు.

సోములు ఊఁ అంటే ఒప్పుకున్నట్టు. ఊఁహూఁ అంటే పోట్లాడినట్టు. అంతకు మించి మాట అతని నోట్లోంచి రావడం సంతకి ఏనుగు వచ్చినంత అరుదు.

తెల్లారేసరికి నీళ్ళు ఊరి మొదటికి వచ్చేశాయి. గడ్డిమేట్లు, సంత పాకలు, గట్టు పొడుగునా ఉన్న వావిలి పొదలు సుడులు తిరుక్కుంటూ పోయాయి. అలా వచ్చిన నీళ్ళు ఊరి కింద గ్రామదేవత పోలమ్మ గద్దె దాకా వచ్చి ఆగిపోయాయి. గద్దె మీదికి ఒక్క అల ఎక్కలేదు. ఊరంతా నిలబడి చూసింది. ఆ రోజు నుంచి పోలమ్మ మాటంటే మాటే.

నీళ్ళు తీశాక బురద మిగిలింది. ఆ బురదలో దిగి పనిచేసిన వాళ్ళందరికీ కాలివేళ్ళ సందులు పాసిపోయి పుళ్ళు లేచాయి. జగ్గమ్మ మిగిలిన వావిలాకు దూసుకొచ్చి, కాచి, ఆ నీళ్ళలో అందరి కాళ్ళూ పెట్టించింది. పుళ్ళు మానాయి. ఇందులో వింతేమీ లేదు. బాలింతకి వావిలాకు నీళ్ళు, గాదెలో పురుగు పట్టకుండా వావిలాకు, ఒళ్ళునొప్పులకి వావిలాకు కాపడం. తాతల నాటి నుంచీ ఉన్నదే.

వింతేమిటంటే, సోములు అక్క తాయారు కూతురు పద్మకుమారి ఈ మాటని పట్టుకెళ్ళి వాల్తేరు యూనివర్సిటీలో అనేసింది.

పద్మ అక్కడ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతోంది. వరద తర్వాత మేనమామని చూడ్డానికి వచ్చి, బురదలో తిరిగి, తన కాళ్ళకీ పుళ్ళు తెచ్చుకుని, అత్త కాచిన నీళ్ళతోనే మాన్పుకుని వెళ్ళింది. దసరా సెలవులకి మళ్ళీ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలెట్టింది.

"మావా, క్లాసులో లేచి సెప్పీసినాను! వావిలి నూనెకి పుండులో పురుగుని సంపే గుణం ఉన్నాది, నా పరిశోధన అదే అన్నాను. అందరూ ఒకటే నవ్వు. ఒకడైతే, మీ అమ్మమ్మని కూడా లేబరేటరీకి తెచ్చుకో అన్నాడు."

"మాస్టారు?" అన్నాడు సోములు.

"చంద్రశేఖరం మాస్టారు నవ్వలేదు. నవ్వడానికైనా నమ్మడానికైనా ముందు నూనె ఉండాలి కదమ్మా, పట్రా అన్నారు. దీపావళి దాకా గడువు. అప్పటికి ఏదీ తేలకపోతే నాకూ ఓ నీలగిరి తైలం సీసా ఇచ్చీసి, ఎవరెవరో సేసీసిందే మళ్ళీ సెయ్యమంటారు."

సోములు చుట్ట కాల్చుకుంటూ అలాగే కూర్చున్నాడు. పిల్ల నలుగురిలో మాట అనేసింది. ఆ మాట ఎక్కడిది? తన ఇంటి కుండలోంచి, తన పెళ్ళాం చేతిలోంచి వెళ్ళింది. నిలబడితే పిల్ల నిలబడినట్టు, పడిపోతే తన ఇల్లే నవ్వులపాలైనట్టు.

"ఎలగ తీస్తారు నూనె?" అన్నాడు.

"కాలేజీ గాజుబుడ్డిలో గుప్పెడాకు పడతాది. సుక్క కూడా రాదు. ఆకు అక్కడికి పట్టుకెళ్దామంటే వాసనంతా బస్సులోనే పోతాది. ఇక్కడే పెద్ద కుండలో ఆకేసి, నీళ్ళోసి, కింద మంటెట్టి, ఆ ఆవిరిని గొట్టంలోంచి పోనిచ్చి, సల్లారబెడితే..."

పద్మ ఆగిపోయింది. జగ్గమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ సోములు వైపు చూశారు. సోములు ఇంటి దూలం వైపు చూశాడు.

ఎందుకంటే పద్మ చెప్పింది అచ్చం సారా బట్టీ. సోములు వయసులో ఉన్నప్పుడు వాళ్ళ తాతతో కలిసి కొండ వారన ఇప్పసారా కాచేవాడు. జగ్గమ్మ కాపరానికి వచ్చాక ఆమె తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టి మానేశాడు. పైగా అవి సారా నిషేధం రోజులు.

"సారా కాదత్తా, ఆకే" అంది పద్మ.

జగ్గమ్మ కాసేపు గరిటె తిప్పుతూ ఆలోచించింది. "ఆకైతే ఒట్టు తగల్దు. గాని కొత్త కుండలు తేవాల. ఆ పాత సారా కుండ నా గడపలోకొస్తే మాత్రం నానే సచ్చి నా ఒట్టు నానే తీర్సుకుంటాను."

"ఊఁ" అన్నాడు సోములు. ఆ ఊఁలో చాలాకాలం తర్వాత ఉత్సాహం వినిపించింది.

కొత్త కుండలు వచ్చాయి. వెదురు గొట్టం చెక్కాడు. పద్మ తరిగిన ఆకూ పూతా కుండలో పోసి, గుడ్డ చుట్టి, బంకమట్టి మెత్తి, సందులన్నీ మూశాడు. పెరట్లో పొయ్యి వెలిగింది. చేతులు మర్చిపోలేదు. మంట ఎప్పుడు తగ్గించాలో, గొట్టం మీద తడిగుడ్డ ఎప్పుడు మార్చాలో వాటికవే చేసుకుపోతున్నాయి. పద్మ పక్కనే కూర్చుని పుల్లలు అందిస్తోంది. గొట్టం చివర తొలి చుక్క మెరిసింది. సోములు కొబ్బరిచిప్ప పట్టాడు, తొలి ధారంతా అందులోకి పట్టాడు. లేచి తిన్నగా పోలమ్మ గద్దె దగ్గరకి నడిచాడు.

బట్టీ దగ్గర తొలి ధార అమ్మవారిది. తాత నేర్పిన పద్ధతి. దాన్ని ఎవడూ తాగడు, ఎవడూ అమ్ముకోడు. జగ్గమ్మ అప్పటికే నిమ్మకాయ కోసి కుంకం అద్ది, ఒక చెక్క పోలమ్మ ముందు, రెండో చెక్క ఆ తల్లి తమ్ముడు పోతురాజు రాయి ముందు పెట్టి ఉంచింది. సోములు చిప్పలోది పోలమ్మ ముందున్న చెక్క మీద పోసి, దణ్ణం పెట్టుకుని వచ్చాడు. పద్మ చూసింది గాని, పూజ కదా అని ఊరుకుంది.

ఆ తర్వాత దిగిన నీళ్ళ మీద పల్చగా నూనె తేలింది. పద్మ పెన్నులో సిరా పోసే గొట్టంతో పైపై నూనె పీల్చి చిన్న సీసాలోకి ఎత్తుతోంది. ఇంతలో జగ్గమ్మ అన్న ఎర్రన్న ఇత్తడి గ్లాసు పట్టుకుని దిగాడు.

"ఏటి బావా, బట్టీ ఎట్టినావంట! ఊరంతా పొగ సూసింది, నాకు కబురు లేదు. నాను మనిషిని కానా?"

ఎవరూ ఏమీ అనకముందే గొట్టం కింద గ్లాసు పెట్టి, పట్టి, ఊదుకుని గుటకేశాడు. మొహం వంకరపోయింది.

"థూ! ఇదేటి బావా! బాలింత నీళ్ళు!"

"తాగు అన్నయ్యా, నీకు పురుడొస్తే పనికొస్తాది" అంది జగ్గమ్మ. పద్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

సెలవులు అయ్యాయి. పద్మ సీసా పట్టుకుని వాల్తేరు వెళ్ళింది. తర్వాత శనివారం బస్సులో తిరిగి వచ్చింది. బస్సు దిగిన నడకలోనే సోములుకి తెలిసిపోయింది.

"ఏదీ రాలేదు మావా."

అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, తినే కంచం ఒకటి తెప్పించుకుని చూపించింది. "ఇలాటి గాజు పళ్ళెంలో జున్నులాగ పేరుకున్నది ఒకటి ఉంటాది. దాని మీద పుండు సీములో ఉండే సూక్ష్మజీవిని రాస్తాం. నడుమ నూనెలో ముంచిన కాగితం బిళ్ళ ఎడతాం. ఓ రోజు వెచ్చగా ఉంచితే పురుగు పెరిగి పళ్ళెమంతా పాలమీగడలాగ కమ్ముకుంటాది. నూనెలో బలం ఉంటే బిళ్ళ సుట్టూ అది పెరగలేదు. గుండ్రంగా తేటగా మిగులుతాది."

"వరదగుడిలాగ" అన్నాడు సోములు.

పద్మ తలెత్తింది. "అవును మావా. అచ్చం వరదగుడిలాగే. నాకు కట్టలేదు. బిళ్ళ అంచు దాకా పెరిగిపోయింది."

జగ్గమ్మ పోలమ్మకి శనివారం దీపం పెట్టడానికి వెళ్ళిపోయింది.

"మాస్టారు నూనెని యంత్రంలో పెట్టి సూసేరు" అంది పద్మ. "నూనె అంటే ఒకటే సరుకు కాదు మావా, పది రకాల సరుకుల కలగూరగంప. కొన్ని తేలిక, కొన్ని బరువు. మన నూనెలో బరువువే కనిపించేయి. లవంగంలో ఉంటాదే, ఆ ఘాటు సరుకు ఉన్నాది. నీలగిరి తైలంలో, కర్పూరంలో ఉంటాయే, ముక్కుకి సర్రున ఎక్కే తేలిక సరుకులు, అవి మాత్రం జాడ లేవు. వావిలిలో ఉండాలే, ఎటు పోయాయి, కుండ సందుల్లోంచి పోయాయా అన్నారు."

"నా బట్టీలో ఆవిరి పోదు" అన్నాడు సోములు. అంత పొడుగు మాట అనేసరికి పద్మ కంచం పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

అప్పుడు వినిపించింది జగ్గమ్మ కేక.

"ఓలమ్మో! ఓలమ్మోలమ్మో! బేగి రండి! పోలమ్మ మహిమ!"

ఇద్దరూ పరుగెత్తారు. వాళ్ళ వెనక ఎర్రన్న, వాడి వెనక సగం వీధి. గద్దె దగ్గర జగ్గమ్మ దీపం పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయి ఉంది. పోతురాజు ముందున్న నిమ్మచెక్క ఆకుపచ్చగా, నీలంగా బూజు పట్టి ముద్దలా ఉంది. పోలమ్మ ముందున్న చెక్క ఎండి ముడుచుకుంది గాని పచ్చగా, శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క బూజు లేదు.

"అమ్మోరి సల్లని సూపు!" అన్నారు ఎవరో. ఆడవాళ్ళు దణ్ణాలు పెడుతున్నారు.

పద్మ మోకాళ్ళ మీద కూలబడింది. మొహం చెక్కలకి ఆనించినంత దగ్గరగా పెట్టి వాసన చూసింది.

"అత్తా! ఈ రెండు చెక్కలూ ఒకే కాయవా?"

"ఒకే కాయ. నానే కోసినాను."

"ఒకే దినం పెట్టినావా?"

"ఒకే దినం. ఏటే ఆ పోలీసు ప్రశ్నలు?"

"మరి అమ్మోరి సెక్క మీద ఏటి పోసేరు?"

జగ్గమ్మ సోములు వైపు చూసింది. ఊరంతా సోములు వైపు చూసింది. సోములు మెడ గోక్కున్నాడు.

"తొలి ధార" అన్నాడు.

"ఎంత మావా?"

చేతుల్తో కొబ్బరిచిప్ప చూపించాడు, నిండా.

పద్మ లేచి నిలబడింది. నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చేతులు ఆడిస్తోంది. "మావా! తేలిక సరుకు ముందు లేస్తాది! ముందే ఆవిరైపోతాది, తొలి ధారలోనే దిగిపోతాది! నువ్వు దాన్నంతా తెచ్చి అమ్మోరికి పోసీసినావు! మిగిలిన బరువు తుక్కు నా సీసాలోకి ఎత్తినావు!"

"అయితే ఏటన్నమాట" అన్నాడు ఎర్రన్న నడుం మీద చేతులేసుకుని. "పరీచ్చ అమ్మోరు పాసయ్యింది, పిల్ల ఫెయిలయ్యింది."

ఊరు నవ్వింది. కాని పెద్దవాళ్ళు తలలూపి, నూనె లేదు గీనె లేదు, నీళ్ళనాపిన తల్లికి బూజునాపడం ఓ లెక్కా అనుకుంటూ వెళ్ళారు.

పద్మ రెండు చెక్కల్నీ ఆకులో మూట కట్టి దాచుకుంది. మళ్ళీ తియ్యాలి, వెంటనే తియ్యాలి. దీపావళి ముంచుకొస్తోంది. గట్టు మీది వావిలి వరదకి పోయింది, మిగిలింది మొదటి కుండకే అయిపోయింది. నరసింగరావు చెరకు తోట గట్టున ఒకే ఒక్క పొద పూతతో ఉంది. "కొట్టుకోండి, అది మొండి ముండ, మళ్ళీ లేస్తాది" అన్నాడు నరసింగరావు. ఒక్క కుండకి సరిపోతుంది. రెండో కుండకి ఆకు ఆ చుట్టుపక్కల లేదు.

అక్కడ పడింది సోములుకి ముడి. తొలి ధార ఒక్కటే. అడిగేవాళ్ళు ఇద్దరు. తాత నాటి నుంచీ అమ్మవారి వాటా అది. అందులోనూ ఊరిని కాపాడిన ఏడాదే ఆ తల్లి నోటి దగ్గరది లాక్కోవడమా?

"సగం సగం సేద్దాం మావా" అంది పద్మ మెల్లగా.

"ఊఁహూఁ. సగం ఎట్టడం ముష్టి ఎట్టడం."

పద్మ లేచి సీసా గూట్లో పెట్టేసింది. "నీ మనసు కష్టపెట్టుకుని నాకు ఇవ్వొద్దు మావా. నీలగిరి తైలమే సేసుకుంటాన్లే."

తిట్టినా అంత తగిలేది కాదు. సోములు ఆ పూట గంజి కూడా ముట్టలేదు.

ఆ మర్నాడు పొయ్యి వెలిగింది. ఈసారి పెరడు నిండా జనం. ఎర్రన్న గ్లాసు తేలేదు. కుండలో ఆకు ఉడుకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పద్మ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, చెయ్యి చాపలేదు. గొట్టం చివర చుక్క కట్టింది. సోములు చెయ్యి అలవాటుగా కొబ్బరిచిప్ప అందుకుంది. గొట్టం కిందకి పోయింది, అక్కడ ఆగిపోయింది. చుక్క ఉబ్బుతోంది.

"ఏటయ్యా బొమ్మలాగ నిలబడిపోనావు?" అంది జగ్గమ్మ. "నానొకటి అడుగుతాను, సెప్పు. మనింట్లో ముందు ఎవులు తింటారు?"

"పిల్లలు."

"ఎనక?"

"నాను."

"అందరి ఎనకా?"

"నువ్వు."

"మరి పోలమ్మని తల్లి అంటన్నావా, కొత్తల్లుడు అంటన్నావా? పిల్లలు తినకుండా ఏ తల్లి ముందు కంచం ముందరేసుకుంటాది? పట్టు ఆ సీసా, సుక్క పడిపోతంది!"

సోములు చిప్ప విసిరేసి సీసా లాక్కున్నాడు. చుక్క సీసాలో పడింది. ఇంకో చుక్క. ఇంకోటి. ధార కట్టింది. వాసన గుప్పుమని లేచింది. మొదటిసారి లాంటి వాసన కాదు. కర్పూరం, నీలగిరి కలిపి ముక్కులో కొట్టినట్టుంది. ముందు వరసలో నిలబడిన వాళ్ళంతా తుమ్మారు. నీళ్ళ మీద లేత బంగారం రంగు నూనె తేలుతోంది. పద్మ సిరా గొట్టం అందుకుని, నూనె ఎత్తడానికి అత్తని ఇంకో చిన్న సీసా పట్టుకోమంది.

తొలి ధార ఆగాక సోములు చిప్ప వెతికి తెచ్చి రెండో ధార పట్టాడు. గద్దె దగ్గరకి తీసుకెళ్ళి పోసి, ఊరందరికీ వినపడేలా అన్నాడు. "తల్లీ, ఈసారికి పిల్ల ఎంగిలి."

సోములు అన్ని మాటలు వరసగా అనగా ఆ ఊరు వినడం అదే మొదలు.

సీసాని ఎవరి చేతికీ ఇవ్వలేదు. తలపాగా చుట్టల మధ్య దోపుకుని పద్మతో తనే బస్సెక్కాడు. గతుకు గతుక్కీ చెయ్యి తలకి పోతోంది. ముందు సీటు ముసలమ్మ వావిలి వాసనకి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "ఎవులికి నాయినా పురుడు?" అంది. సోములు పద్మని చూశాడు, పద్మ సోములుని చూసింది. విజయనగరం దాకా నవ్వుతూనే ఉన్నారు.

వాల్తేరులో చంద్రశేఖరం మాస్టారు సన్నగా, కళ్ళద్దాలతో, ప్రతి పనీ నిదానంగా చేసే మనిషి. పద్మ చేతే గాజు పళ్ళెం సిద్ధం చేయించారు. ఒకదాంట్లోనే మూడు బిళ్ళలు పెట్టించారు. ఉట్టి బిళ్ళ ఒకటి, పాత నూనె బిళ్ళ ఒకటి, కొత్త నూనె బిళ్ళ ఒకటి. నిమ్మచెక్కల మూట విప్పించి, కథంతా విని, ఆ రెండింటినీ కళ్ళద్దాలు పైకెత్తి మరీ చూశారు.

"బాగుంది. అయితే సోములుగారూ, బూజునాపింది అమ్మవారో నూనెయో తేలేలా, నూనె ఆ రెండో చెక్క మీద, పోతురాజు ముందున్న దాని మీద, పోసి చూశారా?"

"ఊఁహూఁ" అన్నాడు సోములు.

పళ్ళెం వెచ్చని పెట్టెలోకి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగాలి. సోములు ఆ పెట్టె ఉన్న గది వరండాలోంచి కదల్లేదు. పద్మ అరటిపళ్ళు తెచ్చిపెడితే పక్కన అలాగే ఉన్నాయి. క్లాసులో నవ్విన కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మర్నాడు మాస్టారు పళ్ళెం తెచ్చి కిటికీ వెలుతురులో మూత తీశారు.

ఉట్టి బిళ్ళ చుట్టూ గుడి లేదు, మీగడ అంచు దాకా కమ్మింది. పాత నూనె బిళ్ళ చుట్టూ కూడా అంతే.

"కట్టింది!" అని కేకేశాడు సోములు, అందరికంటే ముందు. "వరదగుడి కట్టింది! పద్మా, సూడు! దూరం గుడి!"

మూడో బిళ్ళ చుట్టూ గుండ్రంగా, తేటగా, బిళ్ళకి ఎడంగా కట్టింది. పద్మ మేనమామ భుజం పట్టుకుని ఊపేస్తోంది. మాస్టారు స్కేలు పెట్టి కొలిచారు, ఇంకోసారి కొలిచారు, అప్పుడు నవ్వారు.

"ఒక్కసారి వచ్చింది, సంతోషం. మళ్ళీ మళ్ళీ వస్తేనే మనది. ఆ పొద మళ్ళీ పూసేదాకా ఉన్న నూనెతో మిగతా సూక్ష్మజీవుల మీద చూడమ్మా. నీలగిరి సీసా వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను." ఇంకా గుమ్మంలోనే ఉన్న కుర్రాడి వైపు తిరిగి అడిగారు. "నీకు కావాలా?"

బయల్దేరేటప్పుడు పద్మ రవ్వంత నూనె చిన్న బుడ్డిలో పోసి మేనమామ చేతిలో పెట్టింది. "అమ్మోరికి మావా. ఇది ఎంగిలి కాదు, తొలి ధారదే."

సోములు ఆ సాయంత్రం బండికి ఊరు చేరాడు. జగ్గమ్మ అడిగిన ప్రతిదానికీ ఊఁ అన్నాడు, కాని ఒక్కో ఊఁ ఒక్కో రాగంలో అన్నాడు.

తెల్లారి లేచి స్నానం చేసి, పచ్చి నిమ్మకాయ ఒకటి కోసుకుని, పోలమ్మ గద్దె దగ్గరకి వెళ్ళాడు. రెండు చెక్కలకీ కుంకం అద్దాడు. ఒకటి పోలమ్మ ముందు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు దణ్ణం పెట్టుకున్నాడు. రెండోది పోతురాజు ముందు పెట్టాడు. నడుం దగ్గర నుంచి బుడ్డి తీసి, మూత విప్పి, పోతురాజు చెక్క మీద వొంపాడు.

నీళ్ళబిందెతో వస్తున్న జగ్గమ్మ నిలబడిపోయింది. "ఓలమ్మో! అమ్మోరిదని పట్టుకొచ్చి తమ్ముడికి పోసినావేటి?"

"పరీచ్చ. అమ్మోరికి సెప్పీసినాను" అన్నాడు సోములు. రెండు చెక్కల మీదా చిల్లుల బుట్ట బోర్లించి, పైన రాయి పెట్టి, పొలానికి వెళ్ళిపోయాడు.